ఎడమ లివర్ మొరాయించిన రోడ్ బైక్: ముందు గేరు బిగుతు మీద ఒక కేస్ స్టడీ

సైకిల్ విశాఖపట్నంలో తిరిగేది. అల్యూమినియం ఫ్రేమ్, షిమానో 105 లో 5800 సిరీస్ గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల భాగాల జట్టు), 11 స్పీడ్. ముందు 50, 34 పళ్ల రింగులు, వెనక 11–32 పళ్ల క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి). ముందు డీరైలర్, అంటే చైన్‌ని ఒక రింగు నుంచి ఇంకోదానికి నెట్టే భాగం, ఎఫ్‌డీ-5800. సీటు ట్యూబ్‌కి (సీటు కింది నిలువు గొట్టానికి) పట్టీతో చుట్టేది కాదు, ఫ్రేమ్‌కే ఉన్న హ్యాంగర్ మీద బిగించే రకం. కేబుళ్లు ఫ్రేమ్ లోపలికి దూరవు, డౌన్‌ట్యూబ్ (హ్యాండిల్ నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం) అడుగున బయటికి కనిపిస్తూ వెళ్తాయి. ఎక్కువగా తిరిగే దారి ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు. వానలున్నప్పుడు ఇంట్లోనే ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) మీద. ఈ రెండు సంగతులూ తర్వాత పనికొస్తాయి: ఒకటి ఉప్పుగాలి, రెండోది చెమట.

ఫిర్యాదు ఇది. చిన్న రింగు నుంచి పెద్ద రింగుకి ఎక్కించాలంటే ముందు గేరు మార్చే ఎడమ లివర్‌ని వేళ్లతో నెట్టడం చాలడం లేదు, హుడ్ (లివర్ మీది రబ్బరు పట్టు) మీద నుంచి అరచెయ్యి తీసి మొత్తం బలం పెట్టాల్సి వస్తోంది. పెద్ద రింగు నుంచి చిన్నదానికి దించినప్పుడు క్లిక్ వినబడుతుంది గానీ చైన్ ఒకటి రెండు చుట్లు తిరిగాక తీరిగ్గా దిగుతుంది. ఋషికొండ దాటాక వచ్చే ఎత్తుపల్లాల్లో ముందు గేరు పదేపదే మార్చాలి కాబట్టి చెయ్యి నొప్పి పుడుతోంది. అంతకుముందు ఒక షాపులో ఇన్నర్ వైరు (కేబుల్ లోపలి తీగ) మార్చారు, కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది. రెండోసారి వెళ్తే కేబుల్ కాస్త వదులు చేసి పంపారు. లివర్ తేలికైంది, కానీ చైన్ పెద్ద రింగు ఎక్కడం మానేసింది. దాంతో మళ్లీ బిగించుకున్నారు. డీరైలర్ పోయిందనీ, కొత్తది కొనాలనీ చివరికి సలహా వచ్చింది.

సైకిల్ మా దగ్గరికి వచ్చాక కొనాల్సిన పని పడలేదు.

ఎక్కడమూ కష్టం, దిగడమూ ఆలస్యం

ముందు గేరు బిగుతు అనగానే చాలామంది అడ్జస్టర్ (కేబుల్ బిగువు సర్దే మర) తిప్పడం మొదలుపెడతారు. అంతకంటే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: పైకి ఎక్కించేటప్పుడు మాత్రమే బరువా, కిందికి దిగేటప్పుడు కూడా మందమా?

డీరైలర్‌ని బయటికి, అంటే పెద్ద రింగు వైపు, లాగేది కేబుల్. లోపలికి తెచ్చేది డీరైలర్‌లోనే ఉన్న స్ప్రింగు. దించేటప్పుడు లివర్ చేసే పనల్లా కేబుల్‌ని వదిలెయ్యడమే, ఆ తర్వాత అంతా స్ప్రింగు బలమే. కాబట్టి దిగడం చురుగ్గా ఉండి ఎక్కడం మాత్రమే బరువుగా ఉంటే రాపిడి పెద్దగా లేదన్నమాట. అప్పుడు చూడాల్సింది కేబుల్ బిగించిన స్థానం, టెన్షన్, హై లిమిట్ స్క్రూ (డీరైలర్ బయటికి మరీ దూరం పోకుండా ఆపేది). ఎక్కడం బరువుగానూ దిగడం మందంగానూ ఉంటే ఎక్కడో రాపిడి ఉంది: లివర్ లోపల, కేబుల్ దారిలో, లేదా డీరైలర్ కీళ్లలో. ఈ సైకిల్‌లో రెండూ ఉన్నాయి. అందుకే రాపిడి దగ్గర మొదలుపెట్టాం. దాని వెనక ఇంకో తప్పు దాక్కుని ఉందని రాపిడి పోయాక గానీ తెలియలేదు.

కేబుల్ వదులు చేస్తే లివర్ ఎందుకు తేలికవుతుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వదులు కేబుల్ మీద లివర్ తిరిగే దూరంలో కొంత ఖాళీగా పోతుంది, ఆ మేరకు డీరైలర్ తక్కువ కదులుతుంది, స్ప్రింగు తక్కువ సాగుతుంది. బిగుతు తగ్గలేదు, పని తగ్గింది. చైన్ ఎక్కకపోవడం దాని ఫలితమే. లివర్ బరువుకి కేబుల్ వదులు చెయ్యడం మందు కాదు.

మూడు ముక్కలుగా విడదీసి చూడటం

వెనక చక్రం పైకి లేచేలా సైకిల్‌ని స్టాండ్‌కి ఎక్కించి, చైన్‌ని చిన్న రింగు మీదికి దించి, ఎడమ పక్క గేరు దించే చిన్న లివర్‌ని ఇక క్లిక్ రానంతవరకూ నొక్కాం. డీరైలర్ దగ్గర కేబుల్ బోల్టు వదిలించి వైరు విడదీశాం. ఇప్పుడు లివర్, కేబుల్ దారి, డీరైలర్ దేనికదే.

మొదట డీరైలర్. బొటనవేలితో బయటికి నెట్టి వదిలితే టప్పున వెనక్కి కొట్టుకోవాలి. ఇది వచ్చింది గానీ చివరి కొంచెం దూరం నీరసంగా వచ్చింది. కీళ్ల చుట్టూ నల్లటి జిగురు, అందులో సన్నటి ఇసుక. ఇది చిన్న దోషమే, ఒక్కదానివల్ల ఇంత బిగుతు రాదు. స్ప్రింగు గట్టిగానే ఉంటుంది కాబట్టి చేత్తో నెట్టినప్పుడు బలం పట్టడం మామూలే. బలం ఎంత పడుతోందన్నది కాదు, వదిలాక ఎలా తిరిగొస్తుందన్నది చూడాలి.

తర్వాత లివర్. వైరు చివరను ప్లయర్‌తో పట్టుకుని నిలకడగా లాగుతూ, ఇంకో చేత్తో లివర్ క్లిక్ చేసి చూడాలి. బీబీ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) కింద ఉన్న ప్లాస్టిక్ గైడ్ గాడిలోంచి వైరు పక్కకి తప్పించి, డౌన్‌ట్యూబ్ స్టాపు (కేబుల్ పై గొట్టం, అంటే ఔటర్, వచ్చి ఆగే చోటు) దగ్గర నుంచి సూటిగా లాగినప్పుడు లివర్ క్లిక్కులు శుభ్రంగా పడ్డాయి, బరువు చాలా తగ్గింది. గాడిలో పెట్టి పైకి, డీరైలర్ వైపు లాగితే మళ్లీ బరువు. తేడా చేతికి స్పష్టంగా తెలిసేంత ఉంది. ఈ ఒక్క పరీక్షకి ప్రత్యేక పనిముట్లు అక్కర్లేదు, నిమిషం పడుతుంది. దీన్ని వదిలేసే నేరుగా విడిభాగాలు మార్చడం మొదలుపెడతారు.

మూడోది ఔటర్. స్టాపులోంచి ఔటర్ తీసి, ఇన్నర్ మీద ముందుకీ వెనక్కీ జరిపితే బరకబరకగా తగిలింది. హ్యాండిల్ టేపు కొంత విప్పితే కారణం కనిపించింది. హుడ్ కిందనుంచి హ్యాండిల్ వంపులోకి వెళ్లే చోట ఔటర్ దాదాపు విరిగినంత మలుపు తిరిగింది. కొలిస్తే కావాల్సిన దానికంటే సుమారు 3 సెంటీమీటర్లు పొట్టిగా కోశారు. ముందుసారి ఇన్నర్ మాత్రమే మార్చి ఔటర్ పాతదే ఉంచారు. పైగా ఔటర్ చివర మామూలు కటింగ్ ప్లయర్‌తో కోసినట్టు నలిగి, లోపలి ప్లాస్టిక్ గొట్టం సగం మూసుకుపోయింది. ఇన్నర్ వైరు స్టెయిన్‌లెస్ కాదు, జింకు పూత వైరు. పూత పోయిన చోట్ల తుప్పు చుక్కలు వచ్చాయి. సముద్రం పక్క ఊళ్లో ఈ వైరు వెయ్యడం డబ్బు మిగలడం కాదు, వాయిదా వెయ్యడం.

బీబీ గైడ్ సంగతి ఇంకా ఘోరం. ముందు కేబుల్ గాడిని వైరు కోసుకుంటూ లోపలికి దిగిపోయింది. గాడి నిండా తెల్లటి పొర. కొంత ఉప్పు, కొంత బాటిల్‌లోని స్పోర్ట్స్ డ్రింక్ కారి ఎండిన చక్కెర. డౌన్‌ట్యూబ్ మీది బాటిల్ నుంచి ఏది కారినా అది ట్యూబ్ వెంట జారి చివరికి చేరేది అక్కడికే. ట్రైనర్ మీద తొక్కేటప్పుడు కారే చెమటదీ అదే దారి.

వెనక గేరు బాగుండి ముందుది ఎందుకు పాడైంది

ఒకే ఊరు, ఒకే గాలి, ఒకే సైకిల్. అయినా కుడి లివర్ బాగానే ఉంది. ఇందుకు కారణం బీబీ దగ్గర మలుపు.

వెనక కేబుల్ డౌన్‌ట్యూబ్ వెంట కిందికి వచ్చి, చైన్‌స్టే (బీబీ నుంచి వెనక చక్రానికి పోయే గొట్టం) వెంట దాదాపు అడ్డంగా వెనక్కి పోతుంది. అక్కడ దాని మలుపు సుమారు 50 డిగ్రీలు. ముందు కేబుల్ అదే చోట కిందికి వస్తున్నది కాస్తా పైకి, సీటు ట్యూబ్ వెంట డీరైలర్‌కి ఎక్కాలి. ఆ మలుపు దాదాపు 120 డిగ్రీలు. గైడ్ మీద వైరు అంత ఎక్కువ నొక్కుకుంటుంది.

మలుపు తిరిగే తాడు మీద రాపిడి కూడిక లెక్కన పెరగదు, గుణకారంలో పెరుగుతుంది. ఓడరేవులో దిమ్మకు రెండు మూడు చుట్లు చుట్టిన తాడుతో ఒక్క మనిషి ఓడని ఆపగలిగేది ఇదే సూత్రం మీద; కాప్‌స్టన్ సమీకరణం అంటారు. హ్యాండిల్ దగ్గర 90, అక్కడి నుంచి స్టాపులోకి దిగేచోట ఇంకో 90, బీబీ కింద 120, మొత్తం 300 డిగ్రీలు అనుకుందాం. రాపిడి గుణకం 0.1 ఉంటే, డీరైలర్ దగ్గర కావలసిన బలానికి లివర్ దగ్గర సుమారు 1.7 రెట్లు లాగాలి. గుణకం 0.2 అయితే 2.85 రెట్లు. 0.3 అయితే 4.8 రెట్లు. ఔటర్ లోపల కాస్త తుప్పు, గైడ్‌లో కాస్త ఉప్పు చేరితే చెయ్యి మొత్తం పెట్టాల్సి రావడం ఈ లెక్క చూస్తే వింత కాదు. రాపిడి తగ్గించడం ఒక మార్గం, మలుపు తగ్గించడం ఇంకొకటి. పొట్టి ఔటర్‌ని సరైన పొడవుకి మార్చినప్పుడు అసలు లాభం రెండోదే: విరుపు లేని వెడల్పాటి వంపు.

ఇదే లెక్క స్ప్రింగుకీ వర్తిస్తుంది. దిగేటప్పుడు స్ప్రింగు బలంలో అధిక భాగాన్ని మలుపులే తినేస్తాయి. చైన్ తీరిగ్గా దిగడానికి కారణం అదే.

కేబుల్ దారి బాగుచెయ్యడం

వాడిన సామాను: 1.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ గేరు ఇన్నర్ ఒకటి, 4 మిల్లీమీటర్ల గేరు ఔటర్ సుమారు ఒక మీటరు, ఔటర్ చివరలకి ఫెరూళ్లు (చివర తొడిగే చిన్న గొట్టాలు), వైరు చివరకి అల్యూమినియం టోపీ, కొత్త బీబీ గైడ్, కొత్త హ్యాండిల్ టేపు, కొంచెం సిలికాన్ గ్రీజు. పనిముట్లలో తప్పనిసరి ఒక్కటే, అసలైన కేబుల్ కట్టర్. మిగతావి ప్రతి షాపులోనూ ఉంటాయి.

గేరు ఔటర్‌ని బ్రేకు ఔటర్‌తో కలపకూడదు. బ్రేకు ఔటర్ 5 మిల్లీమీటర్లు, లోపల ఉక్కు స్ప్రింగులా చుట్టి ఉంటుంది. గేరు ఔటర్‌లో ఉక్కు తీగలు పొడవునా సమాంతరంగా పరిచి ఉంటాయి. బ్రేకు ఔటర్ గేరుకి వేస్తే నొక్కినప్పుడు కుదించుకుపోతుంది, ఇండెక్సింగ్ (ఒక క్లిక్‌కి ఒక గేరు పడటం) కుదరదు. గేరు ఔటర్ బ్రేకుకి వేస్తే ఇంకా ప్రమాదం, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చీలిపోవచ్చు. చిల్లర దుకాణాల్లో రెండూ ఒకే చుట్టలా కనిపిస్తాయి, కోసిన చివర చూసి తీసుకోండి.

హుడ్ రబ్బరు మడిచి, లివర్‌ని చివరి క్లిక్ దాకా దించితే పక్కనున్న రంధ్రంలోంచి పాత వైరు తల బయటికి వస్తుంది. రాకపోతే బలవంతం చెయ్యొద్దు. తల దగ్గర తీగలు తెగి లోపల చిక్కుకుని ఉండొచ్చు, ముందు వాటిని సన్నటి పట్టకారుతో తియ్యాలి. ఇక్కడ అలాంటిది లేదు. అయితే ఒక్క రోజులో ఉన్నట్టుండి బిగుసుకున్న లివర్ ఏదైనా వస్తే మొదట అనుమానించాల్సింది తెగిన తీగల్నే. ఆ స్థితిలో తొక్కుతూ పోతే వైరు లివర్ లోపలే తెగి పని పదింతలవుతుంది. లివర్ లోపలి యంత్రాంగాన్ని విప్పే జోలికి పోవద్దు. చాలాకాలం మూలపడి గ్రీజు గట్టిపడిన లివర్లకి పల్చటి నూనె స్ప్రే కొట్టి, లివర్ పదేపదే ఆడించి, కరిగిన మురికి కారిపోయేలా వదిలితే చాలాసార్లు తేరుకుంటాయి.

పాత ఔటర్ పొడవుని నమూనాగా తీసుకుంటే పాత తప్పే తిరిగి వస్తుంది. కొత్త ఔటర్‌ని లివర్‌లో పూర్తిగా కూర్చోబెట్టి, హ్యాండిల్ వెంట ఎక్కడా విరగకుండా టేపు ముక్కలతో తాత్కాలికంగా అంటించి, డౌన్‌ట్యూబ్ స్టాపు దాకా తీసుకెళ్లాలి. హ్యాండిల్‌ని కుడికీ ఎడమకీ చివరిదాకా తిప్పి చూడాలి. ఏ వైపు తిప్పినా ఔటర్ స్టాపులోంచి లేవకూడదు, బిగుసుకోకూడదు. అలాగని బాణలి పిడిలా బయటికి పొడుచుకురాకూడదు. అక్కడ గుర్తు పెట్టి కోశాం. కోశాక చివరని ఆకురాయితో చదును చేసి, మూసుకున్న లోపలి గొట్టాన్ని సూదిమొనతో గుండ్రంగా తెరిచాం. మొత్తం పనిలో చేతికి ఎక్కువ తేడా తెచ్చేవి ఈ రెండు చిన్న పనులే. ఎక్కువమంది వదిలేసేవీ ఇవే. ఫెరూలు లేకుండా స్టాపులో పెడితే సమాంతర తీగలు కొన్నాళ్లకి రంధ్రంలోంచి తొంగిచూస్తాయి, అప్పుడు ఏ టెన్షనూ నిలవదు.

నాణ్యమైన గేరు ఔటర్లు లోపల గ్రీజుతోనే వస్తాయి. వాటిలోకి నూనె పొయ్యడం మంచి అలవాటనుకుంటారు, కానీ మామూలు నూనె ఆ గ్రీజుని కడిగి, ధూళిని పట్టుకుంటుంది. చైన్ లూబ్ అసలే వద్దు. పాలిమర్ పూత ఉన్న ఇన్నర్లు కొత్తలో చాలా జారుడుగా ఉంటాయి, కాదనలేం. కానీ ఇసుక, ఉప్పు ఉన్న చోట పూత నూగులా లేచి లివర్ లోపలా స్టాపుల్లోనూ పేరుకుంటుంది. బీచ్ రోడ్డు సైకిల్‌కి మా ఓటు పూత లేని నున్నటి స్టెయిన్‌లెస్‌కే.

బీబీ గైడ్ ఒకే స్క్రూతో బిగించి ఉంటుంది. పాతది తీసినప్పుడు కింద పేరుకున్న ఉప్పుని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి కొత్తది పెట్టాలి. కొనేముందు ఫ్రేమ్ అడుగు ఆకారం చూసుకోవాలి, గుండ్రటి బీబీకి చేసిన గైడ్ బల్లపరుపు అడుగున్న ఫ్రేమ్‌కి కూర్చోదు. డీరైలర్ వైపు పైకెక్కే రంధ్రంలో ఇన్నర్ దూరే సన్నటి ప్లాస్టిక్ లైనర్ పెట్టాం, గైడ్‌కి రెండు వైపులా కొంచెం బయటికి వచ్చేలా. వైరు ఇక గైడ్‌ని కొయ్యదు, బురద నేరుగా తగలదు. గాడిలో సిలికాన్ గ్రీజు గోరంత రాస్తే చాలు.

డీరైలర్ కీళ్లని బ్రష్‌తో, డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక ఒక్కో కీలుకి ఒక్కో చుక్క పల్చటి నూనె వేసి, చేత్తో పదే పదే ఆడించి, పైకి వచ్చినదంతా తుడిచేశాం. నూనె పైన మిగిలితే ఇసుకకి ఆహ్వానం పలికినట్టే.

సగం బరువు తగ్గింది, మిగతా సగం?

కేబుల్ కట్టి చూస్తే చైన్ దిగడం చురుకైంది. క్లిక్ పడగానే చైన్ చిన్న రింగు మీద ఉంది. ఎక్కడం కూడా మొదట్లో తేలిక. కానీ లివర్ ప్రయాణం చివర్లో మాత్రం గోడకి తగిలినట్టు ఆగుతోంది. బలం పెడితే క్లిక్ పడుతోంది. ఇందాక చెప్పిన ప్రశ్న మళ్లీ వేసుకుంటే: దిగడం చురుకు, ఎక్కడం బరువు. ఇక ఇది రాపిడి కాదు, అమరిక.

ఎఫ్‌డీ-5800 కేబుల్ బిగించే పొడవాటి చేయి ఉన్న రకం. చేయి పొడవు ఎక్కువైతే తక్కువ బలం చాలుతుంది, కానీ కేబుల్ ఎక్కువ దూరం లాగాలి. పొట్టి అయితే ఇందుకు వ్యతిరేకం. లివర్ లాగే కేబుల్ దూరం స్థిరం కాబట్టి చేయి అసలు పొడవు దానికి సరిపోవాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కేబుల్ కింది నుంచి వచ్చే కోణం ప్రతి ఫ్రేమ్‌కీ కొంచెం వేరు. కోణం మారితే చేయి పనిచేసే పొడవు మారుతుంది. దాన్ని సరిచెయ్యడానికే కేబుల్ బోల్టు పక్కన కన్వర్టర్ అనే చిన్న ముక్క పెట్టారు. దానికి రెండు స్థానాలు. ఏది కావాలో తేల్చేందుకు టీఎల్-ఎఫ్‌డీ68 అనే చిన్న ప్లాస్టిక్ గేజ్ ఉంది. దాన్ని డీరైలర్ చేతి మీద పెట్టి, కేబుల్‌ని నిటారుగా పట్టుకుని, గేజ్ మీది గీతకి అది ఏ వైపు పడుతుందో చూసి కన్వర్టర్ స్థానం నిర్ణయిస్తారు.

ఈ సైకిల్‌లో గేజ్ ఒకటి చెబుతుంటే కన్వర్టర్ రెండోదానిలో ఉంది. పైగా వైరుని బిగింపు గాడిలో కూర్చోబెట్టకుండా బోల్టుకి రెండో పక్కన నొక్కేశారు. రెండూ కలిసి చేయి పొట్టిదైపోయింది. అంటే ప్రతి మిల్లీమీటరు కేబుల్‌కీ డీరైలర్ కావాల్సిన దానికంటే ఎక్కువ కదులుతోంది, బలం ఎక్కువ అడుగుతోంది. అలా బయటికి దూకే డీరైలర్ చైన్‌ని అవతల పడేస్తుందని, ఆపడానికి ఎవరో హై లిమిట్ స్క్రూని లోపలికి బిగించారు. లివర్ ఇంకా క్లిక్ పూర్తి చెయ్యకముందే డీరైలర్ వెళ్లి స్క్రూకి కొట్టుకుంటోంది. రైడర్ చేతికి తగిలిన గోడ అదే. ఒక తప్పుని ఇంకో తప్పుతో సరిచేస్తే పని జరిగినట్టే కనిపిస్తుంది, భారం మాత్రం లివర్ మీద పడుతుంది. ఇలాగే తొక్కుతూ ఉంటే దెబ్బతినేది లివర్ లోపలి పళ్లు, వాటి ఖరీదు కేబుల్ ఖరీదుతో పోల్చేది కాదు.

బోల్టు పూర్తిగా విప్పి, కన్వర్టర్‌ని బయటికి నెట్టి, సరైన స్థానంలోకి మార్చి పెట్టాం. ఆ తర్వాత డీరైలర్‌ని మొదటి నుంచి అమర్చాం. పాత అమరికలో ఏది సరైనదో ఏది సర్దుబాటో తెలియనప్పుడు మొదటి నుంచి చెయ్యడమే వేగం.

డీరైలర్ అమరిక, వరసగా

చైన్‌కి చెరో పక్కన ఉండే డీరైలర్ ప్లేట్లలో బయటిదాని అంచుకీ పెద్ద రింగు పళ్లకీ మధ్య ఎడం 1 నుంచి 3 మిల్లీమీటర్లు. ఎత్తు ఎక్కువైతే చైన్ ఎక్కడం మందగిస్తుంది, అది కూడా రైడర్‌కి బిగుతుగానే అనిపిస్తుంది. ప్లేటు వెనక చివర ముందు చివర కంటే 0.5 నుంచి 1 మిల్లీమీటరు లోపలికి ఉండేలా హ్యాంగర్ బోల్టు బిగించి, తర్వాత సపోర్ట్ బోల్టు తిప్పాలి. అది సీటు ట్యూబ్‌ని నెడుతూ డీరైలర్‌ని బయటికి తిప్పి, ప్లేటు రింగుకి సమాంతరమయ్యేలా చేస్తుంది. అది ఆనే చోట ట్యూబ్ మీద బ్యాకప్ ప్లేటు అంటించి ఉండాలి, లేకపోతే బోల్టు మొన పెయింటులోకి, తర్వాత లోహంలోకి దిగుతుంది. సపోర్ట్ బోల్టు అలంకారం కాదు. ఎక్కించేటప్పుడు డీరైలర్ వెనక్కి మెలిక పడకుండా ఆపేది అదే. అది గాల్లో ఉంటే లివర్ బలం కొంత మెలికలోనే పోతుంది.

చైన్ చిన్న రింగు, వెనక అతి పెద్ద స్ప్రాకెట్ (క్యాసెట్‌లోని పళ్ల చక్రం) మీద ఉంచి లో లిమిట్ స్క్రూ (డీరైలర్ లోపలికి మరీ రాకుండా ఆపేది) సర్దాలి: లోపలి ప్లేటుకీ చైన్‌కీ మధ్య 0 నుంచి 0.5 మిల్లీమీటర్లు. లివర్ అట్టడుగు స్థానంలో ఉందని ఇంకోసారి నొక్కి చూసుకుని, కేబుల్‌ని గాడిలో పెట్టి చేత్తో లాగి పట్టుకుని 6–7 న్యూటన్ మీటర్లకి బిగించాలి. అంతకు మించితే తీగలు తెగడం మొదలవుతుంది. బిగించాక డౌన్‌ట్యూబ్ కింద బయటికున్న వైరుని చేత్తో రెండు మూడుసార్లు గట్టిగా లాగాలి. వైరు సాగడం కోసం అని అంటారు గానీ ఉక్కు వైరు అంతగా సాగదు. ఔటర్ చివరలు ఫెరూళ్లలో కూర్చునేది ఇప్పుడే. వదులైతే మళ్లీ బోల్టు విప్పి లాగి బిగించాలి.

టెన్షన్ చూసే పద్ధతి దగ్గరే ఈ సిరీస్‌లో అందరూ తడబడతారు. ఎడమ లివర్‌లో రెండు రింగులకి నాలుగు స్థానాలున్నాయి: లో ట్రిమ్, లో, టాప్ ట్రిమ్, టాప్. ట్రిమ్ అంటే రింగు మారకుండా డీరైలర్ మాత్రం కొంచెం జరగడం. చైన్‌ని పెద్ద రింగు, వెనక అతి పెద్ద స్ప్రాకెట్ మీదికి తెచ్చి, చిన్న లివర్‌ని తేలిగ్గా ఒక్క క్లిక్ నొక్కితే టాప్ ట్రిమ్ వస్తుంది. చైన్ దిగకూడదు, డీరైలర్ కొంచెం లోపలికి జరగాలి. ఆ స్థానంలో లోపలి ప్లేటుకీ చైన్‌కీ మధ్య 0 నుంచి 0.5 మిల్లీమీటర్లు వచ్చేలా అడ్జస్టర్ తిప్పాలి. ఎఫ్‌డీ-5800 లో సొంత అడ్జస్టర్ లేదు కాబట్టి ఫ్రేమ్ స్టాపు మీదో, ఎస్ఎం-సీఏ70 లాంటిది కేబుల్ మధ్యలోనో ఉండాలి. తర్వాత వచ్చిన ఆర్7000 డీరైలర్‌లో టెన్షన్ స్క్రూ డీరైలర్‌లోనే ఉంటుంది, ఈ గేజ్ బాధ కూడా తప్పింది.

హై లిమిట్ ఆఖరున. పెద్ద రింగు, అతి చిన్న స్ప్రాకెట్, లివర్ టాప్‌లో. బయటి ప్లేటుకీ చైన్‌కీ మధ్య 0 నుంచి 0.5 మిల్లీమీటర్లు. స్క్రూ తిప్పుతున్నప్పుడు డీరైలర్ కదలడం మొదలైన క్షణం గమనించి, కొంచెం వెనక్కి తిప్పి ఆపాలి. స్క్రూ పని చైన్ అవతల పడకుండా కాపలా కాయడం వరకే. రోజూ లివర్ దానికి వెళ్లి తగులుతుంటే అమరికలో ఇంకెక్కడో తప్పుందని అర్థం.

ఇంతా చేశాక లివర్ రెండు వేళ్లకి వచ్చింది. గోడ పోయింది. పెద్ద రింగు మీద వెనక ఎక్కువ స్ప్రాకెట్లలో చైన్ రాపిడి లేకుండా ట్రిమ్ పనిచేసింది.

రైడర్‌కి చెప్పి పంపినవి

పళ్ల తేడా 16. ఎత్తు మధ్యలో పూర్తి బలంతో తొక్కుతూ 34 నుంచి 50 కి ఎక్కించమంటే ఎంత మంచి అమరికైనా బరువుగానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు లివర్ బిగిసిన చైన్‌ని పక్కకి నెట్టాలి. క్లిక్ పడే అరచుట్టు సేపు కాళ్ల బలం తగ్గించాలి, తిప్పడం మాత్రం ఆపకూడదు. లివర్‌ని సగం నొక్కి వదలకుండా ఒకే ఊపులో చివరిదాకా నెట్టాలి. సగం నొక్కు ట్రిమ్‌కి వెళ్తుంది, చైన్ ఎక్కదు. అప్పుడు మళ్లీ నొక్కాల్సి వస్తుంది, అదే బిగుతు అనుకుంటారు.

బీబీ గైడ్ శుభ్రం చేసుకోవడానికి కేబుల్ విప్పనక్కర్లేదు. చైన్‌ని పెద్ద రింగు మీద పెట్టి, పెడల్ తిప్పకుండా లివర్‌ని కిందికి దించెయ్యాలి. చైన్ అడ్డుగా ఉండటం వల్ల డీరైలర్ పూర్తిగా లోపలికి రాలేదు, కేబుల్ వదులవుతుంది. అప్పుడు స్టాపులోంచి ఔటర్ తీసి, గైడ్ గాడిలోంచి వైరు తప్పించి, తడిగుడ్డతో తుడిచి, తిరిగి పెట్టి, పెడల్ తిప్పితే చైన్ దానంతటదే దిగుతుంది. వానలో తిరిగొచ్చినప్పుడు, ట్రైనర్ మీద గట్టిగా చెమటోడ్చినప్పుడు ఇది చేస్తే చాలు. ట్రైనర్ మీద ఉన్నప్పుడు హ్యాండిల్ నుంచి సీటు దాకా ఒక తువ్వాలు పరిస్తే సగం సమస్య రానేరాదు. పైపుతో ప్రెషర్ నీళ్లు బీబీ అడుగున, లివర్ హుడ్ల మీద కొట్టొద్దు.

మొదటి 100–150 కిలోమీటర్లలో ఔటర్లు ఇంకొంచెం కూర్చుని టెన్షన్ తగ్గుతుంది. పెద్ద రింగు, పెద్ద స్ప్రాకెట్, టాప్ ట్రిమ్‌లో లోపలి ప్లేటుకీ చైన్‌కీ మధ్య ఎడం 0.5 మిల్లీమీటర్లు దాటితే అడ్జస్టర్‌ని పావు చుట్టు బయటికి తిప్పి చూడాలి, చాలకపోతే ఇంకో పావు. రెండు చుట్లు తిప్పినా నిలవకపోతే అడ్జస్టర్‌తో కుస్తీ మాని కేబుల్ బోల్టు బిగింపు, ఫెరూళ్లు చూడాలి. రెండోసారి తనిఖీకి వచ్చినప్పుడు ఈ సైకిల్‌కి అర చుట్టు సరిపోయింది. లిమిట్ స్క్రూలు ముట్టుకోలేదు. ఇన్నర్, ఔటర్ ఈసారి నుంచి జంటగానే మార్చాలని, ఏటా వానాకాలం ముగిశాక గైడ్‌లోని లైనర్ కూడా చూడాలని జాబ్ కార్డు మీద రాశాం.